ఆదివారం నాటి పందెం



అక్టోబరులో ఒక ఆదివారం మేము మందిరంలో లేము. ఎందుకు లేమో ఊళ్లో ఉన్నవారికి తెలుసు. కువైట్‌లో, హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్నవారు మాత్రం ఇంకా ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఎవరో పంపిన ఫోటో చూసి, "తలమీద టోపీ, పొట్టమీద నంబరు ఉన్న ఆ మనిషి అయ్యగారేనా?" అన్నవారు కూడా ఉన్నారు. మేమే. గోవాలో పరుగెత్తాము. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పడం కంటే మొత్తం ఒకచోట వ్రాస్తే మేలు అనిపించింది.

ముందుగా ఇది ఏమి పందెమో చెప్పాలి. ట్రయాథ్లాన్ అంటారు. ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేయాలి. మధ్యలో గడియారం ఆగదు, బట్టలు మార్చుకునే సమయం కూడా లెక్కలోకే వస్తుంది. వీటిలో ఐరన్‌మ్యాన్ అని పేరుపడిన పెద్ద పందెంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. గోవాలో 2019 నుంచి జరుగుతున్నది అందులో సగం. 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. మైళ్లలో కూడితే 70.3 వస్తుంది కనుక ఆ అంకెనే పేరులో పెట్టారు. అంతా ఎనిమిదిన్నర గంటలలో ముగించాలి. ఒక్కరే మూడూ చేయలేకపోతే ముగ్గురు కలిసి జట్టుగా పంచుకోవచ్చు. మేము వెళ్లింది అలా. ఒకరు ఈదారు, ఒకరు తొక్కారు, పరుగు మా వంతు.

ఈ పందెం పుట్టిన కథ మాకు ఇష్టం. హవాయిలోని ఓహూ దీవిలో అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ ఉండేవారు. ఈతగాళ్లు గట్టివాళ్లా, పరుగెత్తేవాళ్లా, సైకిలు తొక్కేవాళ్లా అని అక్కడ ఒక వాదన వచ్చింది. ఆ దీవిలో అప్పటికే సముద్రపు ఈత పోటీ ఒకటి, దీవి చుట్టూ సైకిలు పోటీ ఒకటి, మారథాన్ ఒకటి వేరువేరుగా జరుగుతుండేవి. మూడింటినీ ఒకే రోజు పెట్టి తేల్చేద్దాం అన్నారు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది మొదలుపెట్టారు, 12 మంది పూర్తిచేశారు. గోర్డన్ హాలర్ అనే ఆయన 11 గంటల 46 నిమిషాలకు ముందు వచ్చాడు. రెండవవాడైన జాన్ డన్‌బార్‌కు దారిలో నీళ్లు అయిపోతే సహాయకులు బీరు ఇచ్చారట. మన యువకుల కూడికలో ఈ కథ చెబితే ఏ ముక్క జ్ఞాపకం పెట్టుకున్నారో వేరే చెప్పనక్కరలేదు.

ఇక మా సంగతి. ఏడేళ్ల క్రితం మాకు షుగరు వచ్చింది. డాక్టరుగారు నడవమన్నారు. తెల్లవారుజామున డ్రెయిను కట్టమీద నడవడం మొదలుపెట్టాము. కొన్నాళ్లకు కుక్కలు తరిమితే పరుగు కూడా వచ్చింది. ఆ పరుగే అలవాటై, రెండుసార్లు ఆగస్టు నెలలో హైదరాబాదు మారథాన్‌లో సగం దూరం పరుగెత్తాము. కనుక 21 కిలోమీటర్లు మాకు కొత్త కాదు. గోవా ఎండ, చెమట కొత్త.

సైకిలు తొక్కిన అబ్బాయి మన సంఘపు బిడ్డ. పేరు వ్రాయవద్దన్నాడు. మీలో చాలామందికి తెలుస్తుంది, తెలిసినా ఇక్కడ చెప్పకండి. 2021 మే నెలలో వాళ్ల నాన్నగారు కరోనాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు సంఘమంతా మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేసింది మీకు జ్ఞాపకమే. నాలుగవ రోజు ఆయన ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమంలో మేమూ, అబ్బాయీ, ఇంకో ఇద్దరం, అంతే. అప్పటినుంచి అబ్బాయి మందిరం గడప తొక్కలేదు. క్రిస్మస్‌కు ఊరు వస్తాడు. వాళ్లమ్మను ఆరాధనకు దింపి, ఎదురుగా ఉన్న కిళ్లీకొట్టు బల్లమీద కూర్చుంటాడు. మాకు వందనం చేస్తాడు, మాట్లాడడు.

అలాంటివాడు జూన్‌లో ఒకరోజు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, మీరు పరుగెత్తుతారంట గదా. మా జట్టులో ఇద్దరు మానేశారు. ఈదేవాడూ కావాలి, పరిగెత్తేవాడూ కావాలి." అన్నేళ్లలో తనంతట తాను చేసిన మొదటి ఫోన్ అది. ఏ కాపరి కాదంటాడు?

ఈదేవాణ్ణి వెదకడం కష్టం కాలేదు. మన పల్లెపాలెం తమ్ముడొకడు బోటుమీద వేటకు వెళ్తాడు. పంకాకు వల చుట్టుకుంటే నోట్లో కత్తి పట్టుకుని బోటు కిందికి దిగే పిల్లాడు. సముద్రమంటే భయం లేదని కాదు. వాళ్ల నాయనమ్మ 1977 నవంబరు ఉప్పెన చూసిన మనిషి. నీళ్లతో ఆటలేంట్రా అని ఆమె ఇప్పటికీ తిడుతుంది. తలెత్తి ఈదే అలవాటు మాన్పించి, ముఖం నీళ్లలో పెట్టి పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవడం నేర్పించడానికి గుంటూరు ఈతకొలనుకు నెల రోజులు తిప్పాల్సి వచ్చింది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉంటుంది కదా, అది ముగిశాక వేట వదిలి రమ్మనడం తేలిక కాదు. అబ్బాయే వాడి కూలి నష్టం భరించాడు. సంఘం సొమ్ము ఒక్క రూపాయి దీనికి ముట్టలేదని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాము, మళ్లీ ఎవరూ అడగకుండా.

అసలు కష్టం వేరే. పందెం ఆదివారం.

రోడ్లు ఖాళీగా ఉండేది ఆదివారమే గనుక దాదాపు ఇలాంటివన్నీ ఆదివారమే పెడతారు. కమిటీలో విషయం చెప్పినప్పుడు మన పెద్దలలో ఒకరు, రిటైర్డ్ టీచరుగారు, లేచి ఎరిక్ లిడెల్ పేరు ఎత్తారు. ఎత్తుతారని మాకు తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారం వచ్చాయని, పరుగెత్తనన్నాడు ఆయన. తర్వాత 400 మీటర్లలో 47.6 సెకన్లకు పరుగెత్తి బంగారు పతకం గెలిచాడు. 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో ఓడ ఎక్కేటప్పుడు ఆ సంగతి తెలిసినట్టు చూపించారు గానీ, నిజానికి ఆయనకు నెలల ముందే తెలుసు. నెలల తరబడి 400 మీటర్లకే తయారయ్యాడు. ఆదివారం బడి పిల్లలకు ఈ కథ ఆ టీచరుగారే ఎన్నోసార్లు చెప్పారు.

ఒక సహోదరి, స్టాఫ్ నర్సు, అన్నది. "మాకు నెలకు రెండు ఆదివారాలు డ్యూటీనే గదండీ. బోట్లవాళ్లు చేప పడితే ఆదివారం అని తిరిగొస్తారా?" టీచరుగారి జవాబు వెంటనే వచ్చింది. "అది బ్రతుకు తెరువమ్మా. ఇది ఆట." ఆ మాటలో బలం ఉంది. దాన్ని తేలికగా తోసేయగల వాదన మా దగ్గర లేదు, ఉన్నట్టు నటించలేదు కూడా.

మేము లిడెల్ కథలో మిగిలిన సగం చెప్పాము. ఆయన చైనాకు మిషనరీగా వెళ్లాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం వైహ్‌సియెన్ శిబిరంలో నిర్బంధించింది. అక్కడ అమ్మానాన్నలకు దూరమైన పిల్లలు చాలామంది. మొదట ఆదివారం వాళ్లను ఆడించనన్నాడు. పెద్దవాళ్లెవరూ లేకుండా హాకీ ఆడుకుని పిల్లలు కర్రలతో కొట్టుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం తానే వెళ్లి మధ్యలో నిలబడి ఆడించాడు. ఒలింపిక్స్ కోసం చేయనిది ఆ పిల్లల కోసం చేశాడు. 1945లో, విడుదలకు కొద్ది నెలల ముందు, అదే శిబిరంలో మెదడులో గడ్డతో చనిపోయాడు.

టీచరుగారు నవ్వారు. "ఆ కథ నాకూ తెలుసండీ అయ్యగారూ. ఆయన పిల్లలు కొట్టుకోకుండా వెళ్లాడు. మీరు ఎవరు కొట్టుకోకుండా వెళ్తున్నారు?"

అబ్బాయి సంగతి కమిటీలో చెప్పలేదు. అది మేము చెప్పవలసినది కాదు. ఊరుకున్నాము. చివరికి ఎక్కువమంది వెళ్లిరమ్మన్నారు. ఆ ఆదివారం వాక్యం చెప్పేది ఎవరంటే టీచరుగారే చెప్తానన్నారు. చెప్పారు కూడా. అంశం విశ్రాంతి దినం. బాగా చెప్పారని అమ్మగారు మాకు రెండుసార్లు చెప్పింది.

గుంటూరులో రాత్రి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. సైకిలును అబ్బాయి స్నేహితులు హైదరాబాదు నుంచి కారుమీద తీసుకెళ్లారు. నంద్యాల దాటేవరకు తమ్ముడు కబుర్లు చెప్పి పడుకున్నాడు. అబ్బాయి తలుపు దగ్గర నిలబడి ఉంటే మేమూ వెళ్లి నిలబడ్డాము. చాలాసేపటికి అన్నాడు, "అయ్యగారూ, నన్ను ప్రార్థన చేయమని అనకండి." అనము అన్నాము. మళ్లీ కాసేపటికి, "ఊరంతా అడిగింది గదండీ నాన్న కోసం. మూడు రోజులు అన్నం తినకుండా అడిగారు. అందరూ అడిగిందీ ఒక్కటే గదా."

సెమినరీలో మాకు ఈ ప్రశ్నమీద ఒక పాఠ్యపుస్తకమే ఉంది. పరీక్ష కూడా వ్రాశాము, మార్కులు కూడా వచ్చాయి. రైలు తలుపు దగ్గర ఆ పుస్తకంలోది ఒక్క ముక్క కూడా నోట రాలేదు. రానందుకు ఇప్పుడు సంతోషమే. ఇద్దరం అలా నిలబడ్డాము. గుంతకల్లులో టీ తాగాము.

పందెం మిరామార్ బీచిలో. పణజి పక్కనే, మాండవి నది సముద్రంలో కలిసే చోటు. శనివారం సైకిలు అప్పగించి, నంబర్లు తీసుకుని, నియమాలు విన్నాము. నియమాలు చాలా ఉన్నాయి. హెల్మెట్టు బకిలు పెట్టుకున్నాకే సైకిలును స్టాండు నుంచి తీయాలి. ముందువాడి వెనకాలే దాక్కుని గాలి తప్పించుకుంటూ తొక్కకూడదు. బయటివారి సాయం తీసుకోకూడదు. కానీ పోటీలో ఉన్నవారు ఒకరికొకరు ట్యూబు, పంపు ఇచ్చుకోవచ్చు. ఈ చివరి నియమం మా నోటు పుస్తకంలో వ్రాసుకున్నాము, ఎప్పుడైనా ప్రసంగంలో పనికొస్తుందని. ఇంత త్వరగా పనికొస్తుందనుకోలేదు.

చీలమండకు కట్టుకునే చిన్న పట్టీలో ఒక చిప్ ఉంటుంది. కాలం లెక్కపెట్టేది అదే. జట్టుకంతటికీ ఒకటే. ఈదినవాడు వచ్చి దాన్ని విప్పి తొక్కేవాడి కాలికి కట్టాలి. తొక్కినవాడు వచ్చి పరుగెత్తేవాడి కాలికి కట్టాలి. ఎవరైనా సమయం దాటితే తర్వాతివాడు ఎంత బలంగా ఉన్నా అంతే.

ఆ రాత్రి ఉరుములు, కుండపోత వాన. లాడ్జి రేకులమీద చప్పుడుకు మాకు నిద్ర లేదు. తెల్లవారి బీచికి వెళ్లేసరికి వాన ఆగింది గానీ సముద్రం బురద రంగులో ఉంది, కెరటం పొట్టిగా, వెంటవెంటనే వచ్చి పడుతోంది. మా పక్కన నిలబడ్డ ఉద్యోగస్తులు, డాక్టర్లు, పోలీసు అధికారులు చాలామంది ముఖాలు తెల్లబోయి ఉన్నాయి. కొలనులో నేర్చుకున్న ఈత వేరు. చలిదేశాలలో ఈతగాళ్లు వేసుకునే రబ్బరు దుస్తులు శరీరాన్ని తేలుస్తాయి కూడా. అరేబియా సముద్రం ఆ కాలంలో గోరువెచ్చగా ఉంటుంది గనుక వాటికి అనుమతి ఉండదు.

తమ్ముడు మాత్రం ఇసుకలో గొంతుక్కూర్చుని పది నిమిషాలు నీళ్లవైపే చూశాడు. "అయ్యగారూ, నీళ్లు పక్కకి లాగుతున్నాయండి. ఆ బోయమీదికి సూటిగా ఈదినోడు దానికి ఇరవై బారల అవతల తేలతాడు. ఎగువకి గురిపెట్టాలి." అన్నాడు. తర్వాత మేము ఒడ్డునుంచి చూసింది అచ్చం అదే. రంగు టోపీలన్నీ వంపు తిరిగి బోయకు అవతలకు కొట్టుకుపోయి, మళ్లీ ఎదురీదుతున్నాయి. కొందరిని పడవల్లోకి ఎక్కించి తీసుకొచ్చారు. మనవాడు 48 నిమిషాలకు బయటికి వచ్చాడు. ముఖం నీళ్లలో పెట్టి ఈదావా అని అడిగితే, "సగం దాకా పెట్టానండి, ఆపైన మన పద్ధతే" అన్నాడు. గుంటూరు కొలనుకు కట్టిన రుసుము సగం దండగ అన్నమాట.

అబ్బాయి కాలికి చిప్ కట్టి పంపాక మాకు పని లేదు. జట్లవారికి కేటాయించిన చోట సైకిలు స్టాండు పక్కన కూర్చోవాలి, అంతే. తమ్ముడు కంచె బయట ఫోన్ పట్టుకుని ఎంత దూరం వచ్చాడో అరిచి చెప్తున్నాడు. 30 కిలోమీటర్ల చుట్లు మూడు. మొదటి చుట్టు తడి రోడ్డుమీద, గట్టి గాలిలో గంటా ఇరవై నిమిషాలలోపే వచ్చాడు. రెండవ చుట్టులో ఫోన్లో చుక్క కదలలేదు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. ఎండ వచ్చేసింది. రాత్రి కురిసిన వానంతా రోడ్డుమీద నుంచి ఆవిరిగా లేస్తోంది.

ఈత మొదలైనప్పటినుంచి అయిదున్నర గంటలలోపు సైకిలు లోపలికి రావాలి. మా పక్కన కూర్చున్న జట్లవారు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతున్నారు. ఆ మూడు గంటలు మేము ఏమి ప్రార్థించామో వ్రాయము. పతకం గురించి మాత్రం కాదు. ఆ పిల్లాడు ఏదో ఒకటి అడిగి, అది దొరకలేదని ఇంకొకసారి అనుకోకుండా ఉంటే చాలు అనిపించింది. అయితే అతడు అడిగాడో లేదో కూడా మాకు తెలియదు కదా.

అయిదు గంటల 14 నిమిషాలకు వచ్చాడు. మోచేతులదాకా గ్రీజు, బుగ్గమీద గ్రీజు. రెండుసార్లు టైరు పంక్చరు అయింది. మొదటిసారి తన దగ్గరున్న ట్యూబు వేశాడు. రెండోసారి వేయడానికి లేదు. సైకిలు పక్కన నిలబడి ఉంటే ఎవరో ఒక పెద్దాయన, తెలుగువాడూ కాదు, పేరూ చెప్పలేదు, సైకిలు ఆపి తన ట్యూబు చేతిలో పెట్టి వెళ్లిపోయాడట. ఆ పెద్దాయనకు తర్వాత పంక్చరు అయివుంటే ఆయన పందెం అక్కడితో సరి. ఆయన నంబరు చూడడానికి కూడా సమయం లేదని అబ్బాయి ఇప్పటికీ బాధపడుతున్నాడు.

వంగి మోకాళ్లమీద కూర్చుని మా కాలికి చిప్ కట్టాడు. వేళ్లు వణుకుతున్నాయి, పట్టీ రెండుసార్లు జారింది. యోహాను సువార్త 13వ అధ్యాయం అప్పుడే జ్ఞాపకం వచ్చిందని వ్రాస్తే మీరు నమ్ముతారు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది గడియారమే. మూడు గంటల 13 నిమిషాలు మిగిలాయి. అధ్యాయం రైల్లో వచ్చేటప్పుడు జ్ఞాపకం వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు పరుగు మొదలుపెట్టాము. మన ఊరి ఎండ ఎరిగినవాళ్లం, గోవా ఎండ ఏముందిలే అనుకున్నారు మా ఇంట్లోవాళ్లు. రోహిణి కార్తె ఎండ పొడిగా కాలుస్తుంది, అయినా చెమట పట్టి ఆరుతుంది, ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ గాలిలోనే నీళ్లు నిండి ఉన్నాయి గనుక చెమట ఆరదు, కారిపోతుంది. ఒంట్లో ఉప్పు పోతుంది, వేడి మాత్రం పోదు. అలాగని ఉత్త నీళ్లు కడవలకొద్దీ తాగితే ఇంకా ప్రమాదం. రక్తంలో ఉప్పు పలచబడి మనిషి తికమకపడి పడిపోతాడు. కనుక ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఉప్పు కలిసిన నీళ్లు రెండు గుక్కలు, టోపీలో ఐసు ముక్కలు గుప్పెడు, మెడమీద తడి స్పాంజి. షుగరు ఉన్నవాళ్లం గనుక జేబులో గ్లూకోజు. మన షుగరు బంధువులకు ఒక మాట. ఇవన్నీ డాక్టరుగారు పరీక్ష చేసి, మందు వేళలు మార్చి, సరేనన్నాకే చేశాము. అయ్యగారు చేశారని ఎవరూ రేపే మొదలుపెట్టకండి.

దారి డోనా పౌలా వైపు వెళ్లి తిరిగి వస్తుంది, మూడు చుట్లు. ఆదివారం గదా, పొద్దున చర్చికి వెళ్లివచ్చిన గోవా కుటుంబాలు మంచి బట్టలతోనే గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నాయి. ఒక ముసలమ్మ పైపుతో అందరిమీదా నీళ్లు చల్లుతోంది. మొదటి చుట్టులో సిగ్గుపడి పక్కనుంచి వెళ్లాము. రెండో చుట్టులో ఆమె ఎదుటే నిలబడి స్నానం చేశాము.

కొరింథు సంఘానికి పౌలు పందెపు మాటలు వ్రాశాడని ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. కొరింథు పక్కనే ఇస్త్‌మియా అనేచోట రెండేళ్లకొకసారి ఆటలు జరిగేవి. గెలిచినవాడికి దేవదారు జాతి కొమ్మలతోనో, ఎండిన ఆకుకూర కాడలతోనో కిరీటం అల్లేవారు. వాడిపోయే కిరీటం అని పౌలు అన్నది విని కొరింథువారు నవ్వుకునే ఉంటారు, అది అప్పటికే సగం వాడి ఉంటుంది గనుక. ఈ సంగతి పుస్తకాల్లో చదివినప్పుడు తెలిసినదానికీ, 14వ కిలోమీటరు దగ్గర అరటిపండు తొక్కమీద కాలుజారి, ఎవరో పట్టుకుంటే నిలబడినప్పుడు తెలిసినదానికీ చాలా తేడా ఉంది. పౌలు ఆ ఆటలు చూసే ఉంటాడని మా నమ్మకం. చూడనివాడు ఒంటిని అలా అదుపులో పెట్టే సంగతి వ్రాయలేడు.

మూడో చుట్టులో ఎడమ పిక్క పట్టేసింది. నడిచాము. 1982లో హవాయిలో జూలీ మాస్ అనే అమ్మాయి స్త్రీలందరికంటే ముందుండి, గమ్యం కొద్ది గజాల దూరంలో ఉండగా కాళ్లు చచ్చుబడి కూలిపోయింది. వెనకనుంచి వచ్చిన అమ్మాయి దాటిపోయింది. అయినా చేతులమీద పాకి గీత దాటింది, 29 సెకన్లు ఆలస్యంగా. టీవీలో అది చూసి ఎంతోమంది ఈ పందేనికి వచ్చారంటారు. మాకైతే అప్పుడు పాకే ఉద్దేశం ఏమీ లేదు. సంఘం ముందు ఆ వీడియో వేస్తారేమో అన్న భయం ఉంది.

ఆకాశంలో మబ్బు పట్టింది. వాన పడితే బాగుండునని అడిగాము. పడలేదు.

17వ కిలోమీటరు దగ్గర కంచె అవతల అబ్బాయి కనిపించాడు. పక్కనే పరుగెత్తి తోడు రాకూడదు, అది నియమానికి విరుద్ధం. నిలబడ్డాడు. మేము ముఖం చూసి ఆగబోయాము. అరిచాడు, "ఆగకండి. నాలుగు ఉంది. నడవండి, ఆగకండి అంతే." ఆ గొంతు వాళ్ల నాన్నదే. కోత రోజుల్లో చేలో కూలీలను అలాగే కేకేసేవాడు ఆయన. ఆ ఒక్క క్షణం మాకు ఎవరు పిలిచారో తెలియలేదు.

చివరి వంద మీటర్లు ముగ్గురం కలిసి వెళ్లాము. మొత్తం 8 గంటల 15 నిమిషాలు. మాకు ముందు ఎన్ని జట్లు వచ్చాయో అడగలేదు, వెనక ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. తమ్ముడు పతకం కొరికి చూసి ఇత్తడి కాదన్నాడు. ఆ రాత్రి లాడ్జికి చేరాక, అప్పుడు వచ్చింది వాన.

ఊరు చేరాక టీచరుగారు ఇంటికి వచ్చారు. పిక్కకు వ్రాసుకోమని తైలం సీసా తెచ్చారు. ఆదివారం విషయంలో ఆయన మాట మార్చలేదు, మేమూ అడగలేదు. వచ్చే ఏడాది శనివారం జరిగే పందెం ఏదైనా ఉందేమో చూడమన్నారు. చూస్తున్నాము. ఒకటీ కనబడలేదు.

తమ్ముడు బుధవారం తెల్లవారుజామున బోటెక్కాడు. వాళ్ల నాయనమ్మ పతకాన్ని బియ్యపు డబ్బాలో దాచిందని, ఎవరికీ చూపించడం లేదని విన్నాము.

అబ్బాయి హైదరాబాదు వెళ్లేముందు ఒక పూట ఆగాడు. మందిరానికి రాలేదు. సాయంత్రం సమాధుల తోటకు వెళ్లి నాన్నగారి సమాధి చుట్టూ గడ్డి పీకాడని వాళ్లమ్మ చెప్పింది. తూర్పు పక్క కంచె తీగ తెగి మేకలు లోపలికి వస్తున్నాయట. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు కడతానని ఆమెతో అన్నాడట. రెండు చుట్టల తీగ కొని మందిరం వెనక గదిలో పెట్టాము.